కార్తీకంలో తట్టుకోవాలంటే ఆషాఢంలోనే సిద్ధపడాలి

సంపాదకుల వారికి నమస్కారాలు.

దసరా వెళ్లి కార్తీకం వస్తున్నదంటే జిల్లా పేజీల్లో పెళ్లిళ్ల సీజన్ వార్తలు మొదలవుతాయి. కల్యాణ మండపాలు దొరకడం లేదని, చామంతుల ధర కొండెక్కిందని, బంగారం కొట్లు కిటకిటలాడుతున్నాయని రాస్తారు. అవన్నీ నిజమే. అయితే ఆ పెళ్లి మండపాన్ని ఒక్క పూటలో నిలబెట్టి, లగ్నం దాటాక తెల్లవారేలోగా విప్పి, ఆ సామానుతోనే మరో ఊరికి బయలుదేరే మనుషుల గురించి రెండు వాక్యాలైనా కనిపించవు. నేను నెల్లూరులో ఈవెంట్ల నిర్వహణ వృత్తిలో ఉన్న మహిళను. అటు గూడూరు నుంచి ఇటు ఒంగోలు దాకా పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, కళాశాలల వార్షికోత్సవాలు చేయిస్తుంటాను. ఈ నాలుగైదు నెలల్లో మా వృత్తిలోని వారు ఎందుకు కుంగిపోతున్నారో, కుంగిపోకుండా నిలబడే దారి ఏమిటో మీ పత్రిక ద్వారా పాఠకుల ముందు ఉంచాలని ఈ లేఖ రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. సీజన్‌ను తట్టుకునే శక్తి గుండె ధైర్యం నుంచి వస్తుందని మావాళ్లు నమ్ముతారు. నా అనుభవంలో మాత్రం అది ఒప్పుకున్న పనుల సంఖ్య మీద, డబ్బు చేతికి అందే వేళ మీద, ముందుగా రాసుకున్న ఒప్పందం మీద ఆధారపడి ఉంటుంది. ఈ మూడింటిలో ఏదీ సీజన్ మొదలయ్యాక సరిదిద్దుకోగలిగేది కాదు.

మన ప్రాంతపు సీజన్ ఎలా ఉంటుందో ముందు చెప్పాలి. ఇతర వ్యాపారాల్లో రద్దీని కొంత ముందుకో వెనక్కో జరుపుకొనే వీలుంటుంది, మాకు రోజును నిర్ణయించేది పంచాంగం. ఆషాఢంలో, భాద్రపదంలో పెళ్లిళ్లు ఉండవు. శ్రావణంలో కొన్ని, దసరా తర్వాత కొన్ని ముహూర్తాలు వస్తాయి, ఇక కార్తీక మార్గశిరాల్లో ఏ వీధి చూసినా పందిళ్లే. డిసెంబరు మధ్యలో ధనుర్మాసం రాగానే పెళ్లిళ్లు ఆగుతాయి కానీ మా పని ఆగదు. అప్పటికే సెమీ క్రిస్మస్ వేడుకలు ఊపందుకొని ఉంటాయి, వాటి వెంటనే క్రిస్మస్, డిసెంబరు 31 రాత్రి కార్యక్రమాలు, సంక్రాంతికి సొంత ఊళ్లకు వచ్చినవారు పెట్టుకొనే పూర్వ విద్యార్థుల సమ్మేళనాలు, జనవరి 26, ఆపైన మాఘ మాసపు ముహూర్తాలు వరుసగా వచ్చిపడతాయి. గురు మౌఢ్యమో శుక్ర మౌఢ్యమో అడ్డొచ్చిన ఏడాది పరిస్థితి ఇంకా కష్టం, ఎందుకంటే ముహూర్తాలు తగ్గుతాయే తప్ప పెళ్లిళ్లు తగ్గవు, అవన్నీ మిగిలిన కొద్ది రాత్రుల్లోకే సర్దుకోవాలి. ఒకే రాత్రి నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు పట్టణాల్లో అదే వంటమాస్టర్ కోసం, అదే జనరేటర్ కోసం, అదే సన్నాయి మేళం కోసం వందల కుటుంబాలు పోటీపడతాయి. పైగా మనవైపు లగ్నాలు చాలావరకు అర్ధరాత్రి దాటాకనో తెల్లవారుజామునో ఉంటాయి కాబట్టి సాయంత్రం రిసెప్షన్‌తో మొదలైన పని మర్నాడు టిఫిన్లు, అప్పగింతలు ముగిసేదాకా తెగదు.

దీనికి తోడు వాన. నెల్లూరు జిల్లాకు ఏడాది వర్షంలో సగానికి పైగా ఈశాన్య రుతుపవనాల కాలంలోనే, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే కురుస్తుంది. మా ముహూర్తాలూ సరిగ్గా అప్పుడే. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చి, పడుగుపాడు వద్ద జాతీయ రహదారి, రైలు పట్టాలు కోతకు గురై రాకపోకలు నిలిచిపోయినప్పుడు జరుగుతున్నది కార్తీక మాసం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజూ కార్తీకమే. పెన్నకు అటువైపు గోదాములో సామాను, ఇటువైపు పెళ్లి ఉన్న టెంట్ హౌస్ యజమాని పరిస్థితి ఏమిటో, చెన్నై కోయంబేడు మార్కెట్ నుంచి పూలు వస్తాయని నమ్ముకున్న డెకరేషన్ వాళ్ల పరిస్థితి ఏమిటో ఊహించుకోండి. విమానం రద్దయితే ప్రయాణికుడు మరో రోజు వెళ్తాడు. పెళ్లిని వాయిదా వేయడానికి మాత్రం ఏ కుటుంబమూ ఒప్పుకోదు, ఒప్పుకోమని అడిగే చనువూ మాకు లేదు. కాబట్టి మా వృత్తిలో తుపానును అనుకోని ఆపదగా లెక్కవేయడమే పొరపాటు. అది ఏటా రావలసిన అతిథి, రాకపోతే సంతోషించాలి.

ఇన్ని ఒత్తిళ్ల మధ్య మావాళ్లు నిబ్బరానికి ఇచ్చే కొలమానం ఒక్కటే, వరసగా ఎన్ని రాత్రులు నిద్ర లేకుండా నిలబడ్డావు అన్నది. టీ కొట్టు దగ్గర ఇది గొప్పగా చెప్పుకుంటారు కూడా. ఈ గొప్పను నేను ఒప్పుకోలేను. పదిహేడు గంటలపాటు మేలుకొని ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి పనితీరుతో సమానంగా మందగిస్తుందని 1997లోనే నేచర్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. మన మోటారు వాహనాల చట్టం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల మద్యాన్ని, అంటే 0.03 శాతాన్ని దాటితే చాలు, డ్రైవర్‌పై కేసు పెడుతుంది. అంటే ఉదయం ఆరు గంటలకు లేచి, లగ్నం అయ్యాక సామాను ఎక్కించుకొని నెల్లూరు నుంచి ఒంగోలుకు వ్యాన్ నడిపే కుర్రాడు చుక్క ముట్టకపోయినా ఆ హద్దు దాటిపోయి ఉంటాడు. వాడి పక్కన కూర్చొని నిద్రపోకుండా కబుర్లు చెబుతూ వచ్చే సూపర్‌వైజర్ స్థితీ అంతే. తెల్లవారుజామున పదహారో నంబరు జాతీయ రహదారి మీద ఆగి ఉన్న లారీని వెనుక నుంచి గుద్దిన వాహనాల వార్తలు మీ పత్రికలోనే ఎన్నో చదివాం.

నిద్రలేమి ఒక్కటే కాదు. పని వల్ల కలిగే తీవ్రమైన అలసటను ప్రపంచ ఆరోగ్య సంస్థ తన పదకొండో వ్యాధుల వర్గీకరణలో వృత్తికి సంబంధించిన స్థితిగా చేర్చింది, అది 2022 జనవరి నుంచి అమలులో ఉంది. దానికి ఆ సంస్థ చెప్పిన లక్షణాలు మూడు. ఒంట్లో సత్తువ హరించుకుపోవడం, పని మీద విరక్తి కలగడం, చేసే పనిలో సామర్థ్యం తగ్గడం. మార్గశిరం చివరికి వచ్చేసరికి మావాళ్లలో ఈ మూడూ కనిపిస్తాయి. మొదట కనిపించేది మాత్రం విరక్తే. పెళ్లికూతురి తల్లి పసుపు నీళ్ల బిందె ఎక్కడ పెట్టారని అడిగితే విసుక్కోవడం, కుర్చీలకు గుడ్డలు కట్టలేదని చూసి కూడా చూడనట్టు వెళ్లిపోవడం, ఫోను మోగుతుంటే బోర్లా పెట్టేయడం. అలాంటివాడిని బద్ధకస్తుడని తిట్టి లాభం లేదు. అతనికి రెండు రాత్రుల నిద్ర బాకీ ఉంది.

ఇక చేయవలసిన వాటిలో మొదటిది పనులు ఒప్పుకోవడంలో హద్దు పెట్టుకోవడం. ఇక్కడే అందరూ జారిపోతారు. గోదాములో మూడు మండపాలకు సరిపడా సామాను ఉంటే ఒకే రాత్రి మూడు పెళ్లిళ్లు ఒప్పుకోవచ్చని లెక్కవేస్తారు, మరి మూడు పెళ్లిళ్లను నడిపించగల మనుషులు ఎందరున్నారన్న లెక్క వేయరు. నేను పాటించే పద్ధతి ఇది. ప్రతి పెళ్లికీ బాధ్యుడు ఒక్కడే ఉండాలి, ఆ రాత్రి అతనికి మరో పని ఉండకూడదు, అతను మర్నాటి పనికి రాకూడదు. వీళ్లందరికీ అదనంగా ఏ పనీ అప్పగించని మనిషి ఒకరు ఫోను దగ్గర సిద్ధంగా ఉండాలి. జనరేటర్ మొరాయించినా, వంటమాస్టర్‌కు జ్వరం వచ్చినా, పురోహితుల వారి కారు ఆత్మకూరు దగ్గర ఆగిపోయినా పరుగెత్తేది ఆయనే. ఖాళీగా కూర్చోబెట్టి జీతం ఇవ్వడమేమిటని మొదట్లో మా ఇంట్లోనే ప్రశ్నించారు. ఇప్పుడు ఆ మనిషి లేని రాత్రికి పని ఒప్పుకోవద్దని వాళ్లే చెబుతున్నారు. రొట్టెల పండుగకు బారాషహీద్ దర్గా వద్ద స్వర్ణాల చెరువుకు లక్షల మంది వస్తారు. ఐదు రోజులూ పోలీసులు, పారిశుద్ధ్య సిబ్బంది విడతలవారీగా పని చేస్తారే తప్ప ఏ ఒక్కరినీ ఐదు రాత్రులూ నిలబెట్టరు. అంతటి పండుగకు పనికొచ్చిన పద్ధతి పెళ్లికి పనికిరాకుండా పోతుందా?

మరి తెలిసి తెలిసీ ఎక్కువ పనులు ఎందుకు ఒప్పుకుంటారు? అత్యాశ అని బయటివారు అనుకుంటారు. చాలామంది విషయంలో కారణం అప్పు. కొత్త పెళ్లికి వచ్చే అడ్వాన్సుతో పాత పెళ్లి కూలీలు చెల్లిస్తున్నవాళ్లు మా వృత్తిలో కోకొల్లలు. పాత పెళ్లి బ్యాలెన్స్ ఎందుకు రాలేదంటే, పెళ్లి అయ్యాక చూద్దామన్నారు, అయ్యాక పదహారు రోజుల పండుగ కానివ్వమన్నారు, అది కూడా అయ్యాక పూలు తక్కువ పెట్టారని, ఐస్‌క్రీం చివరి పంక్తికి అందలేదని లెక్కలు తీశారు. ఒక సంపన్న కుటుంబం వారు మిగిలిన డబ్బుకు నన్ను ఎండాకాలం దాకా తిప్పి, చివరికి తగ్గించి ఇచ్చారు. వారి మీద కోపంతో ఈ మాట రాయడం లేదు. అలాంటి బాకీలు రెండు మూడు పోగైతే వడ్డీ వ్యాపారి దగ్గరికి వెళ్లాలి, వడ్డీ కట్టడానికి చేయలేని పని కూడా ఒప్పుకోవాలి, చేయలేని పని చెడితే మళ్లీ బ్యాలెన్స్ ఆగుతుంది. మావాళ్ల నిద్రను మింగుతున్నది ఈ గొలుసే. దీన్ని తెంచకుండా యోగా చేయండి, నీళ్లు ఎక్కువగా తాగండి అని సలహాలిస్తే వినేవాడికి నవ్వు వస్తుంది.

కాబట్టి డబ్బును మూడు భాగాలుగా అడగాలి. లగ్నపత్రిక రాసుకున్నప్పుడు కొంత, వారం ముందు పెద్ద భాగం, మిగిలింది మండపం సిద్ధమయ్యాక లగ్నానికి ముందే ఇంటి పెద్ద చేతుల మీదుగా. పెళ్లివారిని డబ్బు అడగడం మర్యాద కాదనుకొనేవారు ఆ పద్ధతిని ఒప్పంద పత్రంలో మొదటి రోజే రాసుకుంటే ఆ రాత్రి నోరు తెరిచి అడగవలసిన అవసరమే ఉండదు. కళాశాలలు, కంపెనీలు, కార్యాలయాల కార్యక్రమాలు చేసేవారు ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు, చేయించుకోవడం మంచిది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు ఎంత గడువు పెట్టుకున్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలి, దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ పడుతుంది. బిల్లు మీద ఆ సంగతి ఒక్క వాక్యం అచ్చు వేయించినా చెల్లింపుల వేగం మారుతుంది.

ఒప్పంద పత్రం విషయంలో మన ప్రాంతానికి ప్రత్యేకంగా కావలసింది తుపాను నిబంధన. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 56వ సెక్షన్ ప్రకారం చేయడం అసాధ్యమైపోయిన పనికి సంబంధించిన ఒప్పందం చెల్లకుండా పోతుంది, 65వ సెక్షన్ ప్రకారం దాని కింద పొందినదాన్ని తిరిగి ఇవ్వాలి, లేదా పరిహారం చెల్లించాలి. చదవడానికి స్పష్టంగానే ఉంది కానీ అప్పటికే కొన్న పూల ఖర్చు ఎవరిది, బయలుదేరి మధ్యలో ఆగిపోయిన లారీ బాడుగ ఎవరిది, ఆరుబయట వేయాల్సిన మండపాన్ని హాల్లోకి మారిస్తే కొత్త కూలీ ఎవరిది అన్న తగాదాలకు అందులో తేలికైన జవాబు దొరకదు. వాటిని ముందే ఒక్క పేజీలో, తెలుగులో, ఇరువైపుల వారికీ అర్థమయ్యేలా రాసుకోవాలి. నిర్ణయం తీసుకొనే అధికారం కుటుంబంలో ఎవరికి ఉందో కూడా అందులో పేరు రాయాలి. వాన పడుతున్న రాత్రి ఐదుగురు బాబాయిలు ఐదు మాటలు చెబితే పందిరి ఎటు తిరగాలో పందిరికే తెలియదు.

పెళ్లి మాటల్లో వాన మాట ఎత్తితే అశుభం పలికారని నొచ్చుకొనే పెద్దలు మనవైపు ఉన్నారు, వారిని తప్పుపట్టను. ఇలాంటి సందర్భంలో పెళ్లికూతురి తల్లిదండ్రులతో కాకుండా మేనమామతో మాట్లాడటం మేలని నేను గ్రహించాను. అమ్మాయి మీద ప్రేమా ఉంటుంది, ఖర్చు లెక్కా తెలుస్తుంది, కాస్త దూరంగా నిలబడి ఆలోచించగలిగే వీలూ ఆయనకే ఉంటుంది. ఆయన చెబితే ఇంట్లోవాళ్లు వింటారు.

తుపాను హెచ్చరికలను వాతావరణ శాఖ నాలుగు దశల్లో ఇస్తుంది. తీరానికి ముప్పు మొదలవడానికి 72 గంటల ముందు తొలి సూచన, 48 గంటల ముందు తుపాను అప్రమత్తత, 24 గంటల ముందు తుపాను హెచ్చరిక, తీరం దాటడానికి 12 గంటల ముందు ఆ తర్వాతి పరిస్థితి గురించిన అంచనా. వీటిలో మొదటి మూడు దశల్లో ఒక్కోదానికి మేము ముందుగానే ఒక్కో నిర్ణయాన్ని ముడివేసి పెట్టుకుంటాం. తొలి సూచన రాగానే మేనమామతో మాట, హాల్లో లోపలి స్థలం కొలతలు, పెన్నకు రెండువైపులా ఉన్న సామాను జాబితా. అప్రమత్తత రాగానే చెన్నై పూల ఆర్డరు తగ్గించి దగ్గర్లో దొరికే బంతి, చామంతితో, గుడ్డ అలంకరణతో సరిపెట్టేలా మార్పు, వంట సరుకులు ఒకరోజు ముందే మండపానికి చేరవేత. హెచ్చరిక రాగానే లైట్లు వేలాడదీసే ట్రస్‌లు, ఎల్‌ఈడీ తెరలు, డ్రోను రద్దు, జనరేటర్ ఎత్తయిన చోటుకు, ఉదయం రావలసిన సిబ్బంది ముందు రాత్రే మండపంలో బస. అప్పటికప్పుడు ఆలోచించవలసినవి తగ్గేకొద్దీ మనసు మీది బరువు తగ్గుతుంది. వాన మొదలయ్యాక తెలివిగా ఆలోచించగల మనిషిని నేను ఇంకా చూడలేదు, నన్ను కూడా కలుపుకొనే చెబుతున్నాను.

తడిసిన నేల, ఇనుప పైపులు, అతుకుల వైర్లు ఒకచోట చేరే పని మాది. జనరేటర్ నుంచి వచ్చే ప్రతి లైనుకూ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) ఉండాలని, ఎర్తింగ్ లేనిదే మండపానికి కరెంటు ఇవ్వరాదని ఎలక్ట్రీషియన్‌తో గట్టిగా చెప్పాలి. పందిరి ఎక్కే కుర్రాళ్లకు, వంట మనుషులకు ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలకే దొరుకుతుంది. ప్రమాదంలో మరణించినా, పూర్తి అంగవైకల్యం కలిగినా 2 లక్షల రూపాయలు వస్తాయి. బ్యాంకు ఖాతా ఉండి 18 నుంచి 70 ఏళ్ల లోపు వయసువారైతే చాలు. దాని సంవత్సరం జూన్ 1న మొదలవుతుంది, ఆ తర్వాత కొద్ది వారాలకే ఆషాఢం వస్తుంది. ఆ తీరిక రోజుల్లో మనుషులందరినీ బ్యాంకుకు తీసుకువెళ్లి ఫారాలు నింపించడం యజమాని పనే. ఒక్క టీ ఖర్చుకు సరిపోయే మొత్తం గురించి ఇంతగా రాయవలసి రావడం బాధగానే ఉంది.

తిండి గురించి కూడా రాయాలి. వేయి మందికి వడ్డించే కుర్రాళ్లు, వారిలో చాలామంది ఇంటర్, డిగ్రీ చదువుకొనే పిల్లలు, అందరూ తిన్నాక మిగిలిన చల్లారిన అన్నం తింటారు. మా పనుల్లో సిబ్బంది భోజనం తొలి పంక్తి కూర్చోకముందే ముగియాలన్నది షరతు. మొదట్లో కేటరింగ్ వారు గొణిగారు, అతిథుల కన్నా ముందు పనివాళ్లా అని ఒకరిద్దరు పెళ్లి పెద్దలూ ముఖం చిట్లించారు. కడుపు నిండినవాడు చిరాకుపడడు, సాంబారు ఒలకబోయడు అని వారే గమనించాక ఆ మాట ఆగింది. వాళ్ల కూలీ ఆ రాత్రే చేతిలో పెట్టాలి. బస్సు దొరకని వేళ వారిని వారి ఊరి దాకా దించాలి.

మండపాల యజమానులకు ఒక విన్నపం. విడిది గదులు, వధువు గది, వరుడి గది, ఏసీ డైనింగ్ హాలు అన్నీ కడుతున్నారు, పని చేసేవారు గంటసేపు నడుము వాల్చడానికి ఒక్క గది కట్టడం లేదు. జనరేటర్ పక్కన, చెప్పుల స్టాండు వెనుక, వ్యాన్‌లో కుర్చీల మీద పడుకుంటున్నారు. ఈ వృత్తిలోకి ఇప్పుడు ఆడపిల్లలు బాగా వస్తున్నారు. మెహందీ, పూలజడలు, వధువు అలంకరణ, స్వాగతం, యాంకరింగ్ అన్నీ వాళ్లే చేస్తున్నారు. అర్ధరాత్రి లగ్నమయ్యాక తెల్లవారేదాకా వాళ్లు ఎక్కడ ఉండాలి? లోపలి నుంచి గడియ పడే గది, దానికి శుభ్రమైన మరుగుదొడ్డి ఉంటే చాలు. మాగుంట లేఅవుట్‌లోనైనా ఒంగోలు కర్నూలు రోడ్డులోనైనా కొత్తగా కట్టే హాలుకు ఆ ఖర్చు లెక్కలోకి రాదు. ఇళ్లలో పిల్లల్ని, అత్తమామల్ని ఒప్పించి వచ్చిన ఆడవాళ్లు సీజన్ మధ్యలో పని మానేస్తుంటే వాళ్లకు ఓపిక లేదంటున్నారు. వాళ్లకు లేనిది గది.

డీజే గొడవ గురించి క్లుప్తంగా. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగ స్థలాల్లో లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. ఏడాదికి 15 రోజులకు మించకుండా, సాంస్కృతిక, మతపరమైన పండుగ సందర్భాల్లో మాత్రమే అర్ధరాత్రి దాకా సడలించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. వరుడి స్నేహితులు ఇంకొక్క పాట అంటారు, పోలీసులు వచ్చి బాక్సులు ఎత్తుకెళ్తామంటారు, మధ్యలో నలిగేది నిర్వాహకుడు. ఆ గంటను ఒప్పందంలోనే రాసి, పది కాగానే సౌండ్ ఆపే బాధ్యత ఆపరేటర్‌ది అని చెప్పేస్తే సగం తలనొప్పి పోతుంది. పెళ్లి వేడుకల్లో పాటలు వేసుకోవడానికి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. డిసెంబరు 31న టిక్కెట్లు పెట్టి చేసే కార్యక్రమాలకు ఆ మినహాయింపు లేదని కొత్తగా వచ్చిన కుర్రాళ్లు గుర్తుంచుకోవాలి.

మనసు సంగతి కూడా దాచుకోకుండా మాట్లాడుకోవాలి. పని చెడిన రాత్రి అక్కడికక్కడ ఎవరినీ తిట్టకూడదన్నది మా దగ్గర నియమం, మర్నాడు నిద్ర లేచాక కూర్చొని మాట్లాడుకుంటాం. పెళ్లివారు ఆ రాత్రి అన్న మాటల్లో చాలావరకు మన మీద కోపం కావు, అమ్మాయిని పంపుతున్న బెంగ, తెచ్చిన అప్పుల భయం కలిసి వచ్చిన మాటలు. ఇది తెలిసినా కొందరికి అవి లోపల గుచ్చుకొనే ఉంటాయి. నిద్ర పట్టకపోయినా, బతుకు మీద విసుగు పుట్టినా 14416 నంబరుకు ఫోను చేస్తే టెలీ మానస్ సలహాదారులు ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా మాట్లాడతారు, తెలుగులో మాట్లాడవచ్చు. ఆ నంబరును మా డ్రైవర్ల, సూపర్‌వైజర్ల ఫోన్లలో వేసి పెట్టాను. అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

చివరగా మా వృత్తిలోని వారికి నా ప్రతిపాదన. పోటీ ఉన్నా సరే, నెల్లూరులో ఒక టెంట్ హౌస్ వాళ్ల గుండిగలు తక్కువైతే మరొకరు ఇచ్చి ఆదుకొనే అలవాటు ఎప్పటినుంచో ఉంది. మనుషుల విషయంలో మాత్రం ఆ అలవాటు లేదు. ఒకరి సూపర్‌వైజర్‌ను మరొకరు ఎత్తుకుపోతారన్న భయమే దానికి అడ్డు. ఆ భయం పోవాలంటే నలుగురం ముఖాముఖి కూర్చోవాలి. వచ్చే ఆషాఢంలో ఒకరోజు నెల్లూరు పురమందిరంలోనో ఒంగోలులోనో ఉభయ జిల్లాల నిర్వాహకులు, టెంట్ హౌస్‌లవారు, కేటరింగ్, డెకరేషన్, సౌండ్, ఫొటోగ్రఫీ వారు కలుసుకొని నాలుగు విషయాలు తేల్చుకుంటే చాలు. తుపాను నిబంధనతో కూడిన ఒకే నమూనా ఒప్పంద పత్రం, లగ్నానికి ముందే బ్యాలెన్స్, రాత్రి పని చేసిన డ్రైవర్‌కు మర్నాడు సెలవు, అత్యవసరంలో ఒకరి మనిషి మరొకరికి వెళ్తే ఇచ్చే రోజు కూలీ. అందరూ ఒకే మాట మీద ఉంటే పెళ్లివారు కూడా వేరేవాళ్లు ఇలా అడగలేదే అనరు.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం ఉంది. నవంబరు, డిసెంబరు నెలల్లో ముహూర్తాల వివరాలు ఇచ్చే పేజీలోనే వాతావరణ శాఖ హెచ్చరికను మండలాల పేర్లతో, ఏ రోడ్లు మూసుకుపోయే వీలుందో కూడా చేర్చి వేయగలరా? పంచాంగం చూసే పెద్దలు వాతావరణ వార్త చూడరు, చూసే పిల్లల మాట పెద్దలు వినరు. రెండూ పక్కపక్కన అచ్చయితే మేనమామతో నేను మాట్లాడే పని కొంత తేలికవుతుంది.

ఇట్లు,
ఒక ఈవెంట్ నిర్వాహకురాలు,
నెల్లూరు.